సి.హెచ్.50 రక్తపరీక్ష ఎందుకు?

డాక్టరు గారు రాసిన చీటీలో 'సి.హెచ్.50' అని ఉందా? షుగరు పరీక్షలా ఇది తరచుగా చేసేది కాదు కనుక మీకు సందేహం రావడం సహజమే.

మన రక్తంలో రోగక్రిములను చంపడానికి తోడ్పడే ప్రోటీన్లు ముప్పైకి పైగా ఉన్నాయి. వీటిని కలిపి కాంప్లిమెంట్ అంటారు. ఇవి ఒకదాని తరువాత ఒకటి గొలుసుకట్టుగా పనిచేసి, చివరకు క్రిమి పైపొరకు రంధ్రం చేస్తాయి. ఇవి ఎర్ర రక్తకణాలను కూడా పగలగొట్టగలవని 1898లో చూపినవారు బెల్జియం శాస్త్రవేత్త జూల్స్ బోర్డే. 1919 సంవత్సరపు నోబెల్ బహుమతి ఆయనదే.

పరీక్ష ఈ సూత్రం మీదే నడుస్తుంది. యాంటీబాడీ పట్టించిన గొర్రె ఎర్రకణాలను రోగి సీరంతో కలిపి 37 డిగ్రీల వేడిలో ఉంచుతారు. (గొర్రె రక్తం రోగికి ఎక్కించరు, భయపడకండి. అంతా గాజు గొట్టంలోనే.) కణాలు పగిలితే నీరు ఎర్రబడుతుంది, లేకపోతే కణాలు అడుగున పేరుకుంటాయి. సీరంను ఎంత పలుచన చేస్తే సరిగ్గా సగం కణాలు పగులుతాయో చూస్తారు. 50 అంటే ఆ సగమే.

లూపస్ జబ్బు ముదిరినప్పుడు, గొంతు నొప్పి లేక చర్మపు పుండ్ల తరువాత పిల్లలకు వచ్చే కిడ్నీ వాపులో కాంప్లిమెంట్ ఖర్చయిపోయి తగ్గుతుంది. ఆ కిడ్నీ వాపులో సాధారణంగా 6 నుండి 8 వారాలలో తిరిగి పెరుగుతుంది.

ఫలితం సున్నా అని వస్తే? ముందు శాంపిల్‌ను అనుమానించాలి. కాంప్లిమెంట్ చాలా సున్నితమైనది, మామూలు వేడిలో గంటల తరబడి ఉంటే పాడైపోతుంది. కాబట్టి బయట తీయించిన రక్తాన్ని సంచిలో పెట్టుకొని బస్సులో తేవద్దు, రోగినే ల్యాబుకు తీసుకురండి. తాజా రక్తంతో మళ్ళీ చేసినా సున్నాయే వస్తే, పుట్టుకతో ఒక ప్రోటీన్ లోపించి ఉండవచ్చు. గొలుసులో చివరి ప్రోటీన్లు లేనివారికి మెనింగోకాకస్ అనే క్రిమి వల్ల మెదడుపొరల వాపు పదే పదే రావచ్చు. తల్లిదండ్రులిద్దరి నుండీ లోపం సంక్రమిస్తేనే ఇది సాధారణంగా బయటపడుతుంది. అందువల్ల మేనరికపు సంబంధాలలో అవకాశం ఎక్కువ. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు కూడా పరీక్ష చేయించండి. టీకాల విషయం డాక్టరు గారిని అడగండి. అటువంటి బిడ్డకు జ్వరంతో తలనొప్పి, మెడ బిగుసుకోవడం, ఒంటిపై ఎర్రటి మచ్చలు కనిపిస్తే రాత్రయినా సరే, తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురావాలి.

మామూలు విలువ ల్యాబును బట్టి మారుతుంది కనుక వచ్చేటప్పుడు పాత రిపోర్టులు కూడా వెంట తెచ్చుకోండి.