సూది, బ్లేడు, నెత్తురు: ఈ వారం ఉత్తరాలు

ప్రశ్న: మాది నాయీ బ్రాహ్మణ కుటుంబం, విజయవాడ. మామూలు రోజుల్లో షాపు చూసుకుంటాను. దసరాకీ, భవానీ దీక్షల విరమణకీ దుర్గమ్మ కొండ కింద తలనీలాలు తీయడానికి వెళతాను. ఆ రోజుల్లో ఊపిరి సలపదు. తలకో బ్లేడు మారుస్తున్నాం కానీ, విరిచేటప్పుడో బిగించేటప్పుడో వేలు తెగుతూనే ఉంటుంది. ఇంకేమైనా జాగ్రత్త పడాలా?

జవాబు: తలకో బ్లేడు మారిస్తే భక్తులకు రక్ష. మీ వేలికి రక్ష టీకా. నెత్తురు ద్వారా అంటుకునే వైరస్‌లలో ముఖ్యమైనవి హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్‌ఐవీ. జనానికి భయమంతా హెచ్‌ఐవీ అంటేనే. మీ పనిలో మాత్రం ఎక్కువ జాగ్రత్త పడాల్సింది హెపటైటిస్ బి గురించి. అది ఎండిన నెత్తుటి మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది. గాటు పడ్డ తల నుంచి తెగిన వేలికి పాకడానికి కంటికి ఆననంత నెత్తురు చాలు.

ముందు హెచ్‌బీఎస్‌ఏజీ అనే రక్తపరీక్ష చేయించుకోండి. లేదని వస్తే టీకా మొదలుపెట్టండి. ఈరోజు ఒకటి, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. చాలామంది రెండు వేయించుకుని మూడోది మర్చిపోతారు, ఆ పని చేయొద్దు. మూడోది పడ్డ ఒకటి రెండు నెలలకు యాంటీ హెచ్‌బీఎస్ పరీక్షలో 10 లేదా అంతకు మించి వస్తే టీకా పట్టినట్టే. ఒకప్పుడు ఈ టీకా విదేశాల నుంచి రావాలి, ధర సామాన్యుడికి అందేది కాదు. 1997లో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ హైదరాబాద్‌లో తయారుచేసి తక్కువ ధరకు అమ్మాక పరిస్థితి మారింది. మన దగ్గరే తయారైన టీకా, రోజూ కత్తి పట్టుకునే మీకు ఇంకా పడలేదంటే నాకు బాధగా ఉంది.

ఇక షాపు సంగతి. గడ్డం గీశాక ముఖానికి రాసే పటిక ముక్కను చూడండి. పొద్దున్నుంచి రాత్రిదాకా అదే ముక్క ఎన్ని గాట్ల మీద తిరుగుతుందో మీకే తెలుసు. దాన్ని తీసేయండి. పటిక పొడి దూదితో అద్ది, ఆ దూదిని పారేయండి. కత్తి పిడిని డెట్టాల్ నీళ్లలో ఒకసారి ముంచి తీస్తే సరిపోదు, ఇరవై నిమిషాలు మరిగించాలి. వాడిన బ్లేళ్లు మూత ఉన్న డబ్బాలో వేయండి.

ప్రశ్న: నగరంలో చెత్త సేకరించే పని నాది. మొన్న ఒక ఇంటి చెత్త సంచిలోంచి సూది అరచేతిలో దిగింది. నెత్తురు పిండేసి, సున్నం రాసుకున్నాను. ఇది జరిగి నిన్నటికి రెండు రోజులు. ఏం చేయాలి?

జవాబు: ఈ ఉత్తరం అచ్చయ్యేదాకా ఆగకుండా మీకు ఫోన్లో చెప్పాం. ఇది మిగతావాళ్ల కోసం. సూది గుచ్చుకుంటే పిండకూడదు, నోటితో పీల్చకూడదు, సున్నం, పసుపు ఏదీ పెట్టకూడదు. కుళాయి కింద సబ్బుతో కడిగి, వెంటనే ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మాత్రలు మొదటి రెండు గంటల్లో మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే ఉపయోగం లేదు. అవసరమని డాక్టరు అనుకుంటే 28 రోజులు వాడాలి, మధ్యలో ఆపకూడదు.

హెచ్‌ఐవీ ఉన్న మనిషి నెత్తురు అంటిన సూది గుచ్చుకున్నా, అది అంటుకునేది సుమారు మూడు వందల్లో ఒకరికి. అదే హెపటైటిస్ బి అయితే, టీకా లేనివారిలో నూటికి ముప్పై దాకా ఉండొచ్చు. అందుకే హెపటైటిస్ బి టీకా కూడా అదే రోజు మొదలుపెట్టాలి. చెత్త బండి వెంట నడిచే ప్రతి మనిషికీ ఈ టీకా ఉద్యోగంలో చేరిన రోజే పడాలి.

ఇన్సులిన్ తీసుకునే పాఠకులకో మాట. మీ సూదులను మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ సీసాలో వేసి, నిండాక మూత బిగించి, ‘ఇందులో సూదులున్నాయి’ అని చెప్పి చేతికివ్వండి. విడిగా సంచిలో వేయకండి.

ప్రశ్న: గుడివాడ దగ్గర పల్లెటూరు మాది. కోడలికి ఏడో నెల. రక్తపరీక్షలో హెపటైటిస్ బి ఉందన్నారు. పిల్ల ఆరోగ్యంగానే ఉంది, కళ్లు పచ్చబడలేదు. పసరు తాగించమని కొందరు, కంచం వేరు పెట్టమని కొందరు చెబుతున్నారు.

జవాబు: పసరు వద్దమ్మా. చేతి మీద వాతలూ వద్దు. కొన్ని పసర్లు కాలేయాన్నే దెబ్బతీస్తాయి. కంచం వేరు పెట్టడం ఇంకా వద్దు. ఈ వైరస్ ఒక కంచంలో తిన్నా, ఒక గ్లాసులో తాగినా రాదు. కడుపుతో ఉన్న పిల్లను వేరుగా కూర్చోబెడితే ఆమె మనసు ఎంత కష్టపడుతుందో ఆలోచించండి.

ఇప్పుడు చేయాల్సినవి రెండు పనులు. మొదటిది, నెత్తురులో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష. ఎక్కువగా ఉంటే ఏడో నెల నుంచే టెనోఫోవిర్ మాత్ర ఇస్తారు, అందుకే ఈ వారంలోనే చేయించండి. రెండోది, కాన్పు రోజు. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు, వీలైతే మొదటి కొద్ది గంటల్లోనే, ఒక తొడకు టీకా, రెండో తొడకు ఇమ్యూనోగ్లోబ్యులిన్ సూది పడాలి. ఆ రెండో మందు అన్ని చోట్లా దొరకదు, కాన్పు చేసే ఆసుపత్రిలో ముందే అడిగి ఉంచండి. పుట్టుకతో ఈ వైరస్ అంటిన బిడ్డల్లో నూటికి తొంభై మందిలో అది జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక అంటితే నూటికి తొంభై అయిదు మందికి దానంతటదే పోతుంది. అందుకే మొదటి రోజు అంత విలువైనది.

తర్వాత ఆరు, పది, పద్నాలుగు వారాలకు మామూలు టీకాలు. తల్లిపాలు నిస్సందేహంగా పట్టించండి. మీ అబ్బాయీ, మీరూ, మీ ఆయనా పరీక్ష చేయించుకుని, వైరస్ లేదని వస్తే టీకా వేయించుకోండి.

ప్రశ్న: మాది ఎ.కొండూరు మండలం. నాన్నకు కిడ్నీ జబ్బు, డయాలసిస్ చేయిస్తున్నాం. ఇప్పుడు హెపటైటిస్ సి పాజిటివ్ అన్నారు. ఇక ఆశ లేదా?

జవాబు: ఆశ గట్టిగానే ఉంది. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ మూడింటిలో పూర్తిగా నయం చేయగల మందు ఉన్నది దీనికే. ముందు ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయించండి, వైరస్ ఇప్పటికీ ఉందో లేదో తేలుతుంది. ఉంటే సోఫోస్‌బువిర్, వెల్పటాస్విర్ కలిసిన మాత్ర రోజుకొకటి, సాధారణంగా 12 వారాలు. డయాలసిస్ మీద ఉన్నవారికీ ఇవ్వొచ్చు. నూటికి తొంభై అయిదు మందికి పోతుంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో పరీక్షా, మందూ ఉచితం. తగ్గాక కూడా యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ అనే చూపిస్తుంది, కంగారు పడొద్దు. దీనికి టీకా లేదు, మళ్లీ అంటుకోవచ్చు. అందుకని మనిషి మనిషికీ గ్లవ్స్ మారుస్తున్నారా, ఒకరికి వాడిన సూదితోనే హెపారిన్ మందు సీసాలోంచి మళ్లీ తీస్తున్నారా అన్నది గమనించండి, అడగండి. అడగడం మీ హక్కు.

ప్రశ్న: మా ఆయన కైకలూరు నుంచి హౌరాకు చేపల లోడు లారీ తోలతారు. మొన్న లారీలో దుప్పటి కింద ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందుల) పుస్తకం దొరికింది. రెండేళ్లుగా మాత్రలు వాడుతున్నారట, నాకు చెప్పలేదు. ఆయన్ని వదిలేయమంటున్నారు పుట్టింటివాళ్లు. అయిదేళ్ల బాబున్నాడు.

జవాబు: ఆయన దాచడం తప్పు. మీ కోపం న్యాయమైనది. ఉండాలా, వెళ్లాలా అన్నది మీరు తీసుకోవాల్సిన నిర్ణయం. దాన్ని భయంతో తీసుకోకూడదని మాత్రం నా కోరిక.

2021 అంచనాల్లో దేశంలోని పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ 0.21 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. మన రాష్ట్రంలో మూడు లక్షలకు పైగా మనుషులు దీనితో బతుకుతున్నారు, మీరు ఒంటరి కాదు. రెండేళ్లు మాత్ర మానకుండా వేసుకుని ఉంటే, ఆయన వైరల్ లోడ్ పరీక్షలో కనిపించనంత తక్కువకు దిగి ఉండొచ్చు. అలా దిగి, అలాగే నిలిచి ఉన్నవారి నుంచి సంసారం ద్వారా వైరస్ అంటదు. ఆ పుస్తకంలో తేదీతో సహా రాసి ఉంటుంది, చూపించమనండి. అది తేలేదాకా కండోమ్ తప్పనిసరి. హౌరా ట్రిప్పుల్లో మాత్ర తప్పకూడదు. నిలకడగా వాడేవారికి ఏఆర్‌టీ కేంద్రంలో ఒకేసారి కొన్ని నెలల మందు ఇస్తారు, అడగమనండి. ఈ జబ్బుందని యజమాని పనిలోంచి తీయడానికి వీల్లేదు, 2018 సెప్టెంబర్ 10 నుంచి చట్టం అమల్లో ఉంది.

మీరు రేపే దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీకి (హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రం) వెళ్లండి. పరీక్ష ఉచితం, ఫలితం మీకే చెబుతారు. వెళ్లేముందు మాట్లాడాలనుకుంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి. మీకు లేదని వస్తే మూడు నెలలకు మరోసారి చూపించుకోండి. ఉందని వస్తే అదే రోజు బాబుకూ పరీక్ష చేయించి, ఇద్దరికీ అవసరమైన మందు మొదలుపెట్టించండి.