చుక్కలు చూసే రాత్రిని ఎంచుకోవడం ఎలా?

ఆరుద్ర అనగానే మనకు వాన గుర్తొస్తుంది. జూన్ 22 ప్రాంతంలో సూర్యుడు ఆ నక్షత్రంలో ప్రవేశిస్తాడు. అదే ఆరుద్ర కార్తె. అప్పుడు ఆ చుక్క పగటిపూట సూర్యుడి దిక్కునే ఉంటుంది కాబట్టి మనకు కనబడదు. జనవరిలో అయితే చీకటి పడేసరికి తూర్పున ఎర్రగా మెరుస్తూ ఉంటుంది. అంటే వాన నక్షత్రాన్ని చూడాలంటే వానలు వెళ్లిపోవాలన్నమాట!

మన తమిళనాడులో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. ఏటా డిసెంబరు 13, 14 తేదీల్లో జోరుగా రాలే జెమినిడ్ ఉల్కలకు కూడా ఆ మబ్బులు అడ్డొస్తాయి. పైగా హాస్టల్ మేడ ఎక్కాలంటే పర్మిషన్ కావాలి. తీరా ఆ రాత్రి మబ్బు పడితే, మళ్లీ అడిగినప్పుడు "మొన్నే ఇచ్చాం కదా" అంటారు. అందుకని ఈ వరసలో చూసుకుందాం.

1. ముందు పంచాంగం: వెన్నెల ఉంటే చిన్న చుక్కలు కనబడవు. పున్నమి తర్వాత చంద్రోదయం రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. బహుళ పంచమి నాటికి రాత్రి పది అవుతుంది. అక్కణ్ణుంచి అమావాస్య దాటి శుద్ధ తదియ దాకా మనకు పనికొచ్చే చీకటి దొరుకుతుంది.

2. వాన శాతం కాదు, మబ్బు శాతం: ఫోన్‌లో "వాన 0 శాతం" అని చూసి సంబరపడకండి. వాన పడకుండానే ఆకాశమంతా మూసుకుపోవచ్చు. గంట గంటకీ మబ్బు ఎంత శాతమో చూడండి. వారం ముందు చెప్పింది అంచనా మాత్రమే. రెండు రోజుల ముందు చెప్పేదాన్ని ఎక్కువ నమ్మొచ్చు.

3. ఆ సాయంత్రం ఉపగ్రహ చిత్రం: భారత వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో ఇన్సాట్ చిత్రాలుంటాయి. చీకటి పడ్డాక పరారుణ చిత్రమే చూడాలి. ఎత్తైన చల్లని మబ్బులు అందులో తెల్లగా కనిపిస్తాయి. వరసగా నాలుగైదు చిత్రాలు చూస్తే మబ్బు మనవైపు వస్తోందో, వెళ్లిపోతోందో తెలుస్తుంది. నేలకు దగ్గరగా ఉండే మబ్బు, పొగమంచు మాత్రం వీటిలో సరిగా తెలియవు. వాటికి మేడెక్కి చూడాల్సిందే.

4. మంచు: గాలి ఉష్ణోగ్రతకూ డ్యూ పాయింట్‌కూ తేడా రెండు డిగ్రీలకు తగ్గితే బైనాక్యులర్ అద్దాలు చెమరుస్తాయి. మెత్తటి పొడిగుడ్డ దగ్గరుంచుకోండి.

జవ్వాది కొండల్లోని కావలూరు వేధశాలలో 1986 నుంచి 2.34 మీటర్ల టెలిస్కోపు ఉంది. మబ్బు పడితే దానికైనా విశ్రాంతే. హైదరాబాదులో పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు పేరే ఆ వేధశాలకు పెట్టారు.

చివరగా ఒక మాట. పర్మిషన్ ఒక్క తేదీకే అడగొద్దు. "ఈ మూడు రాత్రుల్లో ఆకాశం తేటగా ఉన్న ఏదో ఒక రాత్రి" అని రాసి, పంచాంగం తిథులు, మబ్బు శాతాలు కాగితానికి జతచేయండి. లెక్క చూపించి అడిగితే కాదనడం కష్టం.