హార్వర్డ్ తీర్పు: అడ్మిషన్లలో జాతి

అమెరికా కాలేజీ అడ్మిషన్లలో అభ్యర్థి జాతిని లెక్కలోకి తీసుకోవడం చెల్లదని 2023 జూన్ 29న ఆ దేశ సుప్రీంకోర్టు తేల్చింది. ‘స్టూడెంట్స్ ఫర్ ఫెయిర్ అడ్మిషన్స్’ సంస్థ హార్వర్డ్, నార్త్ కరోలినా యూనివర్సిటీలపై వేసిన కేసులివి. మెజారిటీ తీర్పు రాసింది ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్. ఆధారం 14వ రాజ్యాంగ సవరణలోని సమాన రక్షణ సూత్రం.

పరీక్షలో బిట్ పడితే ఓట్ల దగ్గరే పడాలి. నార్త్ కరోలినా కేసులో 6-3, హార్వర్డ్ కేసులో 6-2. హార్వర్డ్ పర్యవేక్షక మండలిలో పనిచేసినందున జస్టిస్ కేతంజి బ్రౌన్ జాక్సన్ ఆ కేసు నుంచి తప్పుకున్నారు.

హార్వర్డ్ గొడవలో అసలు పేచీ ‘పర్సనల్ రేటింగ్’తో. ధైర్యం, కలుపుగోలుతనం లాంటి గుణాలకిచ్చే ఈ రేటింగ్, చదువులో ముందున్న ఆసియా సంతతి పిల్లలకు (అక్కడి మన తెలుగువాళ్ల పిల్లలూ ఇందులోకే వస్తారు) సగటున తక్కువ పడింది. కలుపుగోలుతనాన్ని ఏ తూనికరాయితో తూచారో మరి! అయినా కింది కోర్టులు వివక్ష లేదనే అన్నాయి.

1978 నాటి బాకీ కేసులో, డేవిస్ మెడికల్ కాలేజీ 100 సీట్లలో 16 మైనారిటీలకు విడిగా ఉంచడాన్ని కోర్టు కొట్టేసినా, జాతిని ఒక అంశంగా చూడొచ్చంది. 2003లో గ్రటర్ తీర్పు దాన్నే నిలబెట్టింది. 2023తో ఆ వెసులుబాటూ పోయింది. మిలిటరీ అకాడమీల సంగతి మాత్రం తేల్చలేదు. జాతి తన జీవితాన్ని ఎలా తాకిందో అభ్యర్థి వ్యాసంలో రాసుకోవచ్చు.