‘పానిస్’ పద ప్రస్థానం

మానవుడు దేశాంతరాలకు పోయినప్పుడు తన వెంట తిండినీ, ఆ తిండి పేరునూ తీసుకొనిపోతాడు. నేల మారినా, నాలుక మారినా ఆ పేరు కొద్దిపాటి మార్పులతో నిలిచి ఉంటుంది. లాటిన్ భాషలో రొట్టెకు పేరైన ‘పానిస్’ పదమే ఇందుకు చక్కని నిదర్శనం.

ఈ పదాన్ని భాషాశాస్త్రజ్ఞులు ‘పోషించు, కాపాడు’ అనే అర్థం గల ప్రాచీన ఇండో-యూరోపియన్ ధాతువుతో ముడిపెడతారు. పశువుల కాపరిని తెలిపే లాటిన్ పదం ‘పాస్టర్’ కూడా ఆ ధాతువు నుండి పుట్టినదే. సంస్కృతంలోని ‘పా’ ధాతువు దీనికి సోదరి. గోవులను కాచేవాడు ‘గోప’, భూమిని కాచేవాడు ‘భూప’. అనగా రొట్టె పేరులోనే పోషణ ఇమిడి ఉన్నది.

రోమనులకు రొట్టె రాజనీతిలో భాగం. క్రీ.పూ. 123లో గయస్ గ్రాకస్ పౌరులకు తక్కువ ధరకు ధాన్యమిచ్చే శాసనం చేశాడు. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఔరేలియన్ చక్రవర్తి ధాన్యానికి మారుగా కాల్చిన రొట్టెనే పంచాడు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు మాడి మిగిలిన రొట్టెలు పాంపే నగర శిథిలాలలో లభించాయి.

రోమను సామ్రాజ్యం అంతరించినా పదం అంతరించలేదు. ఇటాలియన్‌లో ‘పానె’, స్పానిష్‌లో ‘పాన్’, ఫ్రెంచిలో ‘పాఁ’, పోర్చుగీసులో ‘పావ్ఁ’ అయింది.

‘కూడ’ అనే అర్థమిచ్చే ఉపసర్గ చేరి, రొట్టెను పంచుకొని తినేవాడు అనే అర్థంలో ‘కంపానియో’ ఏర్పడింది. దాని నుండి ‘కంపానియన్’, ‘కంపెనీ’ పదాలు వచ్చాయి. ఒకే కంచంలో తిన్నవారు అని మనం ప్రాణస్నేహితులను గూర్చి చెప్పే మాటలో ఉన్న భావమే ఇది. అయితే 1600లో లండన్‌లో ఏర్పడిన ఈస్టిండియా కంపెనీని మన పూర్వులు ‘కుంఫిణీ’ అన్నారు. రొట్టె పంచుకొనేవారి పేరు చివరకు పన్నులు వసూలు చేసే పాలకుల పేరయింది! పదం పుట్టుక వేరు, దానిని ధరించినవారి నడత వేరు.

పోర్చుగీసువారు 1510లో గోవాను ఆక్రమించారు. 1543లో జపాన్ చేరారు. అనునాసికంతో ముగిసే వారి పదాన్ని ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా విన్నారు. కొంకణిలో, మరాఠీలో ‘పావ్’ అయినది సింహళంలో, జపాన్ భాషలో ‘పాన్’ అయింది. జపాన్ నుండి కొరియాకు చేరి ‘ప్పాంగ్’గా మారింది. గోవాలో ఈస్టు దొరకని కాలంలో పిండిని కల్లుతో పులియబెట్టేవారు. పావ్‌భాజీలోని ‘పావ్’ ఈ వంశంలోనిదే. నాలుగవ వంతును తెలిపే ‘పావు’తో దీనికి చుట్టరికం లేదు. ధ్వనిసామ్యాన్ని మాత్రమే నమ్మి వ్యుత్పత్తి చెప్పరాదనడానికి ఇది పాఠం.

ఒక పదాన్ని ఇచ్చినందువల్ల ఏ భాషా పేదది కాదు. పుచ్చుకొన్నందువల్ల ఏ భాషా చిన్నది కాదు. పంచుకొన్నకొద్దీ తరగని రొట్టె భాష ఒక్కటే.

శబ్దార్థాలు
ప్రస్థానం = ప్రయాణం
నిదర్శనం = ఉదాహరణ
అనునాసికం = ముక్కుతో పలికే ధ్వని
వ్యుత్పత్తి = పదం పుట్టిన తీరు

ప్రశ్నలు
1. ‘పానిస్’ పదం ఆసియా దేశాలకు చేరిన విధాన్ని వివరించండి.
2. ‘కంపెనీ’ పదార్థంలో వచ్చిన మార్పును తెలపండి.
3. ‘పావ్’, ‘పావు’ పదాల భేదమేమి?