తిరిగి అప్పగింపవలసిన వెండి కప్పు



మన ఉయ్యూరు ప్రాంతపు పిల్లలు కళాశాలల ఆటలపోటీలలో గెలిచి, నగిషీ చెక్కిన వెండి కప్పును ఎత్తి పట్టుకొనునప్పుడు మనము సంతోషింతుము. అది రోలింగు కప్పైనయెడల గెలిచినవారియొద్ద ఒక్క యేడు మాత్రమే యుండును. మరుసటి యేట తిరిగి అప్పగింపవలెను.

విశ్వవిద్యాలయముల క్రికెట్టు పోటీకి రోహింటన్ బారియా ట్రోఫీ అని పేరు. 1935లో బొంబాయికి చెందిన ఎ. డి. బారియా, మరణించిన తన కుమారుని జ్ఞాపకార్థము దానిని బహూకరించెను. మొదట గెలిచినది పంజాబు విశ్వవిద్యాలయము. ఆ తండ్రి తన దుఃఖమును ఇతరుల కుమారులకు సంతోషకారణముగా చేసెను.

1936లో ఇంగ్లాండులో భారత జట్టునకు నాయకుడైన విజయనగర రాజకుమారుడు విజ్జీ 1965లో మరణించెను. ఆయన పేరట ఏర్పడిన విజ్జీ ట్రోఫీలో, వేర్వేరు విశ్వవిద్యాలయముల పక్షముగా ఎదురెదురుగా నిలిచిన విద్యార్థులే ఒకే జోను జట్టుగా కలిసి ఆడిరి.

కొరింథు దగ్గర జరిగిన పందెములలో బహుమానము ఆకుల కిరీటమే. అది వాడిపోవునని పౌలు జ్ఞాపకము చేసెను (1 కొరింథీ 9:24, 25).

గనుక తలిదండ్రులారా, గెలిచిన బిడ్డకు కప్పును శుభ్రముగా తోమి అప్పగించుట నేర్పుడి. ఓడిన బిడ్డను ఇంట చిన్నబుచ్చకుడి.

ఆలోచించుడి: మన చేతనున్న పొలము, పదవి, సంఘపు పెద్దరికము కూడ ఒకనాడు అప్పగింపవలసినవి కావా?