కొవిడ్ - ఆసియన్లపై ద్వేష నేరాలు

జాతి, మతం, పుట్టిన దేశం వంటి వాటిపై ద్వేషంతో చేసేది ద్వేష నేరం. 2020లో కొవిడ్ వ్యాపించాక అమెరికాలో ఆసియా మూలాలున్నవారిపై తిట్లు, ఉమ్మివేతలు, దాడులు పెరిగాయి. వీటిని నమోదు చేసేందుకు అదే ఏడాది మార్చిలో ‘స్టాప్ ఏఏపీఐ హేట్’ అనే వేదిక ఏర్పడింది.

2021 మార్చి 16: అట్లాంటా ప్రాంతంలోని మూడు స్పాల్లో కాల్పులు. మృతులు 8 మంది, వారిలో ఆరుగురు ఆసియా సంతతి మహిళలు.

గట్టిగా గుర్తుంచుకోవాల్సింది ఈ దాడుల నేపథ్యంలో వచ్చిన చట్టమే. పేరు కొవిడ్-19 హేట్ క్రైమ్స్ యాక్ట్. ప్రతిపాదకులు మేజీ హిరోనో (సెనేట్), గ్రేస్ మెంగ్ (ప్రతినిధుల సభ). ఓట్లు: సెనేట్‌లో 94-1, ప్రతినిధుల సభలో 364-62. అప్పటి అధ్యక్షుడు బైడెన్ సంతకం: 2021 మే 20. కేసుల సమీక్షను వేగిరపరచేందుకు న్యాయశాఖలో ప్రత్యేక అధికారి, పలు భాషల్లో ఆన్‌లైన్ ఫిర్యాదులకు మార్గదర్శకాలు దీని సారం. కొత్త నేరమేదీ నిర్వచించలేదు. పరీక్షలో చాలామంది తప్పు టిక్ పెట్టేది ఇక్కడే.

పాత నేపథ్యం: అమెరికాలో చైనీయుల బహిష్కరణ చట్టం 1882, రద్దు 1943. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉత్తర్వు 9066 (1942 ఫిబ్రవరి 19)తో సుమారు 1.2 లక్షల జపాన్ సంతతివారు నిర్బంధ శిబిరాల పాలయ్యారు. బతికున్నవారికి తలా 20,000 డాలర్ల పరిహారం ఇచ్చే చట్టం 1988లో వచ్చింది.

పేరు వల్ల వివక్ష రాకూడదనే, వ్యాధికి ఊరి పేరో, దేశం పేరో పెట్టొద్దని డబ్ల్యూహెచ్‌వో చెప్పింది 2015లో. ‘కొవిడ్-19’ నామకరణం: 2020 ఫిబ్రవరి 11.

మన దగ్గర ఈశాన్య రాష్ట్రాలవారినీ ‘కరోనా’ అని వెక్కిరించారు. వారిపై వివక్షను పరిశీలించిన బెజ్‌బరువా కమిటీ మాత్రం 2014 నాటిది, కొవిడ్ కాలానిది కాదు.