శక్తి ఎక్కడిదో ముందు తేల్చండి: మంగళగిరి నేపథ్యంగా మూడు మంత్ర పాత్రల తయారీ

కాగితం, పెన్సిలు, పాచికలు ముందేసుకుని నలుగురు కలిసి ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో మంత్రాలు వేసే పాత్రలు కావాలంటే చాలామంది మంత్రాల జాబితాతో మొదలుపెడతారు. నిప్పులు కురిపించడం, మాయమవడం, గాల్లో ఎగరడం. జాబితా పెరుగుతుంది గానీ పాత్రలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ముందు తేల్చుకోవలసింది శక్తికి మూలం. 1974లో వచ్చిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’లోనే ఆ తేడా ఉంది: మాంత్రికుడిది పుస్తకం చదివి నేర్చిన విద్య, క్లెరిక్ అనే పూజారిది దైవం ఇచ్చిన బలం. మన కథల్లోనూ ఇలాంటి మూలాలకు కొదవ లేదు.

1. నాలుగు ప్రశ్నలు రాసుకోండి

శక్తి ఎలా వస్తుంది? వాడితే ఏం ఖర్చవుతుంది? ఎవరికి కట్టుబడి ఉండాలి? ఎలా పోతుంది? చివరి ప్రశ్నకు జవాబు దొరికే దాకా ముందుకు వెళ్లొద్దు. పాత్ర స్వభావం అక్కడే తేలుతుంది.

2. భక్తుడు: మూలం నైవేద్యం

మంగళగిరి కొండ మీద పానకాల నరసింహస్వామి నోట్లో బెల్లం పానకం శంఖంతో పోస్తారు. గుటకలు వేస్తున్న శబ్దం వినిపిస్తుంది. అది ఆగగానే పోయడం ఆపేస్తారు, మిగిలింది ప్రసాదం. ఎంత తెచ్చినా స్వామి సగమే పుచ్చుకుంటాడని భక్తుల నమ్మకం.

దీన్నే నియమంగా మార్చండి. భక్తుడు 8 పాయింట్లు సమర్పిస్తే 4 మంత్రబలం అవుతాయి, 4 ప్రసాదంగా తిరిగొస్తాయి. ప్రసాదం తాను వాడుకోకూడదు, తోటివారికి పంచాలి. అది వాళ్ల గాయాలు మాన్పుతుంది. దాచుకుంటే మర్నాటి సమర్పణ చెల్లదు. ఇక ఈ పాత్ర జట్టును వదిలి వెళ్లలేదు, వెళ్తే సగం శక్తి వృథా. స్వామిని మాత్రం ఎవరూ పాత్రగా ఆడకూడదు. ఆచారాన్ని గౌరవించడం కూడా నియమంలో భాగమే.

3. సాధకుడు: మూలం వస్తువు

కె.వి.రెడ్డి తీసిన ‘పాతాళభైరవి’ (1951)లో నేపాళ మాంత్రికుడు తోట రాముణ్ణి బలివ్వబోయి తానే బలవుతాడు. కోరికలు తీర్చే పాతాళభైరవి ప్రతిమ రాముడికి దక్కుతుంది. తర్వాత అది చేతులు మారగానే రాముడి వైభవమూ పోతుంది.

కాబట్టి సాధకుడికి పాయింట్ల లెక్క పెట్టకండి. ప్రతిమ చేతిలో ఉంటే ఎంత పెద్ద కోరికైనా తీరుతుంది. లేకపోతే అతను మామూలు మనిషి. రాత్రి మకాం వేసినప్పుడు ప్రతిమను ఎక్కడ దాచాడో ఆటగాడు చీటీ మీద రాసి, మడిచి బల్ల మీద పెట్టాలి. ప్రతిమ కోసం వచ్చిన దొంగ ఫలానా చోట వెతుకుతానన్నాక చీటీ విప్పాలి.

4. మాయావి: మూలం దాచిన ప్రాణం

‘బాలనాగమ్మ’ కథలో మాయల మరాఠీ అనే మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఉన్న చిలుకలో ఉంటుంది. ఈ పాత్రకు కత్తి దెబ్బ తగలదు. బదులుగా, ప్రాణం ఉన్న చోటికి దారి చూపే మూడు ఆనవాళ్లు రాసి గేమ్ నడిపేవారికి ముందే ఇవ్వాలి. పెద్ద మంత్రం వేసిన ప్రతిసారీ ఒక ఆనవాలు శత్రువుకు తెలిసిపోతుంది. ఇతనికి ఖర్చయ్యేది రహస్యం.

5. ఒకే చిక్కులో ముగ్గురినీ పెట్టి చూడండి

మంగళగిరిలో విష్ణువు నముచి అనే రాక్షసుణ్ణి సంహరించాడని స్థలపురాణం. ఆ నముచి అనుచరులు చీకట్లో కొండ మెట్లకు అడ్డం నిలిచారనుకోండి. గాయపడ్డ యాత్రికుణ్ణి కిందికి దించాలి. భక్తుడు 4 పాయింట్లతో దారి విడిపించి, ప్రసాదంతో యాత్రికుణ్ణి నడిపిస్తాడు. సాధకుడు ఒక్క కోరికతో గండం గట్టెక్కిస్తాడు, కానీ ప్రతిమ అతని దగ్గరుందని రాక్షసులందరికీ తెలిసిపోతుంది. మాయావి దెబ్బలకు ఎదురు నిలుస్తాడు, పెద్ద మంత్రం వేయాలా వద్దా అని మాత్రం తేల్చుకోలేడు. ముగ్గురూ ఒకేలా ప్రవర్తిస్తే నాలుగో ప్రశ్నకు మళ్లీ వెళ్లండి.

6. మంత్రాల జాబితా ఇప్పుడు రాయండి

ఒక్కొక్కరికి ఆరు చాలు. ప్రతి మంత్రం పక్కన ఆ పాత్ర మూలం విధించే షరతు కూడా రాయండి. షరతు రాయలేని మంత్రం ఎంత ఆకర్షణగా ఉన్నా కొట్టేయండి. మన కథకులు ఏ మాంత్రికుడికీ హద్దులేని శక్తి ఇవ్వలేదు. అందుకే ఆ కథలు ఊరూరా నిలిచాయి. మన ఆటలకూ ఆ కట్టుబాటే బలం.